పిల్లల ఫోటో టచప్: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా స్టూడియోకి వచ్చే అమ్మానాన్నలు, కావలి, కోవూరు, ఒంగోలు వైపు నుంచి ఫోన్ చేసే కొత్త డిజైనర్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ ఫోటోషాప్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి టూల్ పేర్లు మారతాయి గానీ పని అదే.

పిల్లల ముఖం మీద ఏవి తీసెయ్యాలి, ఏవి వదిలెయ్యాలి?

వారం పది రోజుల్లో వాటంతటవే పోయేవి తీసెయ్యండి. చెమటకాయలు, దోమ కుట్టిన దద్దుర్లు, సొంత గోళ్ళతో గీరుకున్న గీతలు, ముక్కు కింద ఎండిన చీమిడి, గడ్డం మీద చొల్లు, చొక్కా మీద పాలు కక్కిన మరక, ఇలాంటివన్నీ. ఎండాకాలం ఫోటోల్లో చెమటకాయలు, వానలు పడ్డాక వచ్చే ఫోటోల్లో దోమకాట్లు ఎక్కువ. నెల్లూరు దోమల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పుట్టుమచ్చ, బుగ్గ సొట్ట, ఊడిన పాలపన్ను సందు, ఒక చెవి కాస్త బయటికి ఉండటం, ఎప్పుడో గడప తగిలి పడ్డ గాటు, ఇవి మాత్రం ఆ బిడ్డవి. ఇంట్లోవాళ్ళు అడిగితే తప్ప వాటి జోలికి పోవద్దు. అడిగినా ఒకసారి ఆలోచించుకోమని చెప్పండి. ముందుపళ్ళు ఊడిన ఆరేళ్ళ పిల్లాడి నవ్వుకి పళ్ళు అతికించమని అడిగేవాళ్ళున్నారు. ఆ సందు ఇంకో ఏడాదికి ఎలాగూ పూడిపోతుంది. ఫోటోలో కూడా పూడ్చేస్తే ఆ వయసు నవ్వు ఇంకెక్కడా మిగలదు.

మధ్యరకం ఒకటుంది. కొందరు పిల్లల బుగ్గల మీద లేత తెల్లమచ్చలు ఉంటాయి. నెలల తరబడి ఉండి మెల్లగా పోతాయి. వాటిని పూర్తిగా చెరపను, కంటికి కొట్టకుండా సగానికి తగ్గిస్తాను.

దిష్టి చుక్క తియ్యాలా?

తియ్యొద్దు. కొత్తవాళ్ళు ఎక్కువగా తిట్లు తినేది దీనితోనే. బుగ్గ మీదో, నుదుటి పక్కనో అమ్మమ్మ పెట్టిన కాటుక చుక్కని ఆటోమేటిక్ స్కిన్ క్లీనింగ్ మచ్చ అనుకుని మింగేస్తుంది. ఫోటో తీసుకోవడానికి వచ్చిన పెద్దావిడ ముందు చూసేది ఆ చుక్క ఉందా లేదా అని. కాటుక చెమటకి కరిగి పక్కకి జారి ఉంటే, జారినంత వరకు శుభ్రం చేసి చుక్క గుండ్రంగా ఉంచండి. మొలతాడు, నల్లపూసల గాజులు, బారాషహీద్ దర్గా దగ్గర కట్టించిన తాయెత్తు, వీటికీ ఇదే మాట. డ్రెస్సుకి మ్యాచ్ కావట్లేదని తాయెత్తు తీసేసే హక్కు డిజైనర్‌కి లేదు.

"అన్నా, పాపకి కొంచెం కలర్ తెప్పించు" అంటే ఏం చెయ్యాలి?

రోజూ వినే మాట ఇది. దీనికి కాస్త వివరంగానే చెప్పాలి.

ముందు ఫోటో తీసినప్పుడు ఏం జరిగిందో చూడండి. మైపాడు బీచ్‌లోనో, కొత్తపట్నంలోనో వెనక తెల్లటి ఆకాశం పెట్టుకుని తీస్తే, కెమెరా ఆ వెలుగుకి సర్దుకుని ముఖాన్ని చీకటి చేస్తుంది. అప్పుడు బిడ్డ అసలు రంగు కంటే నల్లగా పడుతుంది. ఇది వెలుతురు లోపం, దీన్ని సరిచెయ్యాల్సిందే. కర్వ్స్ లేయర్ (అసలు ఫోటో మీద వెలుగు సర్దే విడి పొర) పెట్టి మధ్య భాగాన్ని కొద్దిగా పైకి లేపండి, మాస్క్‌తో (ఎంచుకున్న చోటే మార్పు పడేలా చేసేది) ముఖం, మెడ, చేతుల వరకు పరిమితం చెయ్యండి. మెడ, చెవులు వదిలేసి ముఖం ఒక్కటే లేపితే ఎవరికైనా తెలిసిపోతుంది. పక్కన అమ్మో నాన్నో ఉంటే వాళ్ళ చర్మంతో పోల్చి చూసుకోండి.

రెండోది చర్మం రంగునే మార్చడం, అది నేను చెయ్యను. ఆరెంజ్ రంగు పట్టుకుని దాని లూమినెన్స్ (వెలుగు) కుడివైపుకి లాగి, సాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తే చామనఛాయ బిడ్డ నిమిషంలో తెల్లబడుతుంది. దాంతోపాటు పెదాలు పాలిపోతాయి, అరచేతికీ పైచేతికీ తేడా పోతుంది, మెడలో గొలుసు బంగారం కాదన్నట్టు కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన నష్టం ఇంకొకటుంది. ఆ ఫోటో హాల్లో గోడకి ఎక్కుతుంది. ఏడేళ్ళు వచ్చేసరికి ఆ పాప అద్దంలో తన్నీ, గోడ మీద తన్నీ పోల్చి చూసుకుంటుంది. ఇంట్లోవాళ్ళకి నచ్చింది గోడ మీద ఉన్న పిల్ల అని దానికి అర్థమవుతుంది. ఒక ఫోటో వల్ల బిడ్డకి ఆ బాధ రాకూడదు.

ఇదంతా కస్టమర్‌కి పాఠంలా చెప్పక్కర్లేదు. వెలుతురు సరిచేసిన ఫోటో, అసలు ఫోటో పక్కపక్కన పెట్టి చూపించండి. "కలర్" అని వాళ్ళు అడిగేది చాలాసార్లు ముఖంలో వెలుగు, కళ్ళలో మెరుపు. అది వచ్చిందంటే తొంభై పాళ్ళు అక్కడితో ఒప్పుకుంటారు. ఇంకా పట్టుబడితే "వెలుగు ఎంతైనా తెస్తానమ్మా, రంగు మాత్రం మార్చను" అని నవ్వుతూనే చెబుతాను.

శామియానా కింద తీసిన ఫోటోల్లో ముఖాలన్నీ ఎర్రగా, పసుపుగా ఉన్నాయి. ఎలా?

ఎండ పైనున్న రంగు గుడ్డలోంచి దిగి ముఖం మీద పడుతుంది. పైనుంచి పసుపు, పక్క నుంచి వీడియో లైటు, ముందు నుంచి ఫ్లాష్, మూడూ కలిస్తే ఒక్క వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులు సర్దడం) పని జరగదు. రా ఫైల్ (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచిన అసలు ఫైల్) ఉంటే సగం కష్టం తగ్గుతుంది. జేపెగ్‌లో రంగుకి 8 బిట్లే, రా ఫైల్‌లో 12 లేదా 14 బిట్లు ఉంటాయి కాబట్టి రంగు లాగినా చర్మం చారలు చారలుగా విరగదు. తెల్ల పంచె మీద, మరీ వెలిగిపోని చోట ఐడ్రాపర్ పెట్టి ముందు మొత్తం ఫోటో సరిచెయ్యండి. తర్వాత నుదురు, నెత్తి మీద మిగిలిన పసుపుని విడిగా, మాస్క్‌తో తగ్గించండి. నలుగు పెట్టిన ఫంక్షన్ అయితే ముఖం మీది పసుపు నిజం పసుపే, దాన్ని తియ్యకండి.

పుట్టువెంట్రుకల ఫోటోలకి ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?

చాలా ఉంది. పెంచలకోన, జొన్నవాడ గుళ్ళకి వెళ్ళొచ్చినవాళ్ళ ఫోటోలు వస్తూనే ఉంటాయి. తల మీద గంధం తడిగా ఉన్నప్పుడు ఫ్లాష్ పడితే నడినెత్తిన తెల్లటి మచ్చ వెలిగిపోతుంది. కొత్త లేయర్ మీద, పక్కనున్న గంధం రంగు తీసుకుని బ్రష్ ఒపాసిటీ (రంగు ఎంత మందంగా పడాలో చెప్పేది) పది శాతం దగ్గర పెట్టి పొరలు పొరలుగా వెయ్యండి, ఆ మెరుపు మెల్లగా అణుగుతుంది. ఆరిపోయిన గంధం పగుళ్ళు మాత్రం అలాగే ఉండనివ్వండి, బాగుంటాయి. కత్తి గాట్లు, చెవి వెనక అంటుకున్న తెగిన వెంట్రుకలు తీసెయ్యండి. గంధం లేని చోట నెత్తి, ముఖం కంటే లేతగా కనిపిస్తుంది. అన్నాళ్ళూ జుట్టు కింద ఎండ తగల్లేదు కాబట్టి అది సహజం, రెండూ ఒకే రంగు చెయ్యనక్కర్లేదు.

ఏడుపు సంగతి కూడా. గుండు చేయించే ఫోటోలో కన్నీళ్ళు తీసెయ్యమంటారు కొందరు. బుగ్గ మీది నీటి చారని నేను ఉంచుతాను, ముక్కు కింద మాత్రం శుభ్రం చేస్తాను.

ఏ టూల్ ఎక్కడ వాడాలి?

మొదట ఖాళీ లేయర్ ఒకటి తెరవండి. అసలు ఫోటో మీద నేరుగా ఏ పనీ చెయ్యకండి. హీలింగ్ బ్రష్‌కి (మచ్చని చుట్టూ చర్మంతో కలిపేసేది), క్లోన్ స్టాంప్‌కి (ఒకచోటిది ఉన్నదున్నట్టు ఇంకోచోట అతికేది) శాంపిల్ అన్నచోట "కరెంట్ అండ్ బిలో" ఎంచుకుంటే చేసిన పనంతా పై లేయర్‌లోనే ఉంటుంది. రేపు "ఆ మచ్చ ఎందుకు తీశారు" అంటే ఒక్క ఎరేజర్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు.

దోమకాటు ఒక్కటి తీద్దాం. 100 శాతం జూమ్ పెట్టండి. స్పాట్ హీలింగ్ బ్రష్‌ని దద్దురు కంటే కొంచెం పెద్దగా చేసి, లాగకుండా ఒక్కసారి నొక్కి వదలండి. చుట్టూ ఉన్న చర్మం నూగు (టెక్స్చర్) తెచ్చి, అక్కడి వెలుగునీడల్లో కలిపేస్తుంది. చిన్న దద్దురైతే అంతటితో అయిపోతుంది. పెద్ద దద్దురైతే మధ్యలో గడ్డ పోయినా చుట్టూ ఎర్రటి వలయం మిగులుతుంది. దాన్ని హీలింగ్‌తో తీస్తే అతుకు తెలుస్తుంది. ఇంకో ఖాళీ లేయర్ తీసుకుని బ్లెండింగ్ మోడ్ (కింది లేయర్‌తో కలిసే తీరు) "కలర్" పెట్టి, పక్క చర్మం రంగు తీసుకుని ఆ వలయం మీద తేలిగ్గా రుద్దండి. చర్మం నూగు కదలకుండా ఎరుపు ఒక్కటే పోతుంది. తర్వాత ఫోటో చిన్నది చేసి దూరం నుంచి ఒకసారి చూడండి.

పెదవి అంచు, కనురెప్పలు, జుట్టు మొదలయ్యే చోట హీలింగ్ వాడితే పక్క రంగు లోపలికి లాగి మసక చేస్తుంది. అక్కడ క్లోన్ స్టాంప్, అదీ తక్కువ ఒపాసిటీతో. హీలింగ్ బ్రష్ 2002లో ఫోటోషాప్ 7తో వచ్చింది. అంతకుముందు క్లోన్‌తోనే అన్నీ చేసేవాళ్ళు. దానికంటే ముందు తరం నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచప్ చేసేది. ఓపికలో వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

చర్మం నున్నగా చెయ్యాలా? ఫ్రీక్వెన్సీ సెపరేషన్ వాడొచ్చా?

పిల్లల చర్మం పుట్టుకతోనే నునుపు. దాన్ని ఇంకా నున్నగా చేస్తే మైనపు బొమ్మ తయారవుతుంది. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటే రంగు, నూగు రెండు లేయర్లుగా విడదీసి వేటికవి సరిచెయ్యడం. మేకప్ వేసిన పెళ్ళికూతురి ఫోటోలకి పనికొస్తుంది. పిల్లలకి నేను దాదాపు వాడను. కంటి కింద నీడ తగ్గించాలంటే 50 శాతం గ్రే లేయర్‌ని సాఫ్ట్ లైట్‌లో పెట్టి, ఫ్లో మూడు శాతం దగ్గర తెల్ల బ్రష్‌తో డాడ్జ్ చేస్తే (కొద్దికొద్దిగా వెలుగు పెంచితే) చాలు. బుగ్గ మీది సన్నటి నూగు వెంట్రుకలు కనిపించాలి. అవి కనిపించాయంటే మీ చెయ్యి హద్దులో ఉన్నట్టే.

లిక్విఫై (ఆకారాన్ని లాగి, నొక్కి మార్చే టూల్)? బొద్దు బుగ్గలు తగ్గించడానికైతే వద్దు. గాలికి ఉబ్బిన గౌను సర్దడానికైతే వాడుకోండి.

కళ్ళు ఎర్రగా పడ్డాయి. ఒక కన్ను తెల్లగా మెరుస్తోంది. సరిచేస్తే చాలా?

ఎరుపు సంగతి తేలిక. చీకట్లో కంటిపాప తెరుచుకుని ఉంటుంది, లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుతురు కంటి వెనకున్న రక్తనాళాల మీద పడి తిరిగొస్తుంది. రెడ్ ఐ టూల్‌తో ఒక నొక్కు, లేదంటే ఆ ఎరుపు సాచురేషన్ తీసేసి కొంచెం నలుపు చేస్తే సరి. కంట్లో లైటు చుక్క మాత్రం చెరపకండి, అది లేకపోతే చూపు చచ్చిపోతుంది.

తెలుపు సంగతి వేరు. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. ఫ్లాష్ ఫోటోలో ఒక కన్ను మామూలుగా ఎర్రగా ఉండి, రెండో కంటిపాప తెల్లగానో పసుపుగానో మెరిస్తే దాన్ని సరిచేసి ఊరుకోకండి. బిడ్డ పక్కకి చూసినప్పుడు ఫ్లాష్ పడిన కోణం వల్ల కూడా అలా రావచ్చు. శుక్లం వల్ల రావచ్చు. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కి కూడా ఇదే మొదటి గుర్తు కావచ్చు. అది ఎక్కువగా ఐదేళ్ళలోపు పిల్లలకి వస్తుంది, త్వరగా కనిపెడితే ప్రాణంతోపాటు చాలామందికి చూపూ దక్కుతుంది. మనం డాక్టర్లం కాదు, కానీ ఆ బిడ్డ కంటిని ఇంత పెద్దది చేసి చూసేది మనమే. అమ్మానాన్నల్ని పక్కకి పిలిచి, టెన్షన్ పెట్టకుండా, అసలు ఫైల్ చూపించండి. ఫోన్‌లో ఉన్న పాత ఫ్లాష్ ఫోటోల్లో అదే కన్ను అలా ఉందేమో చూడమనండి. ఉన్నా లేకపోయినా ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టర్‌కి చూపించమని చెప్పండి. టచప్ చెయ్యని కాపీ వాళ్ళకి ఇవ్వండి, డాక్టర్‌కి అది కావాలి.

పసిబిడ్డ రెండు చేతుల మీద గడ్డం ఆనించుకుని నిద్రపోయే ఫోటో కావాలంటున్నారు. ఎలా తీస్తారు?

అది ఒక్క ఫోటో కాదు. ఒక ఫోటోలో అమ్మో నాన్నో బిడ్డ తల పట్టుకుంటారు, రెండో దాంట్లో చేతులు పట్టుకుంటారు. ఆ రెండింటినీ కలిపి, పెద్దవాళ్ళ చేతుల్ని మాస్క్‌తో తీసేస్తారు. అప్పుడే పుట్టిన బిడ్డ మెడ తలని మొయ్యలేదు. ఇంటర్నెట్‌లో చూసి ఇంట్లో అలా కూర్చోబెట్టే ప్రయత్నం ఎవరూ చెయ్యకండి. బుట్టలో, ఉయ్యాల్లో వేలాడుతున్నట్టుండే ఫోటోలూ ఇంతే, బిడ్డ నేల మీద పరుపు మీదే ఉండాలి.

గ్రూప్ ఫోటోలో ఒక్క పిల్లాడు కళ్ళు మూశాడు.

ఆ వెంటనే తీసిన ఇంకో ఫోటోలోంచి అదే పిల్లాడి తల తెచ్చి పెట్టండి. నిమిషం తేడా, అదే లైటు అయితే ఆటో అలైన్ లేయర్స్‌తో చక్కగా కూర్చుంటుంది. అందుకే పిల్లకాయలున్న గ్రూపుని ఎప్పుడూ నాలుగైదు సార్లు కొట్టండి.

మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీకి వాట్సాప్ ఫోటో సరిపోతుందా?

ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది కాబట్టి అంగుళానికి 72 పిక్సెళ్ళు చాలు. అయినా మొత్తం 5184 బై 3456 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు 1600 పిక్సెళ్ళ దగ్గరికి కుదించుకుపోతుంది. అసలు ఫోన్‌లోంచి డాక్యుమెంట్‌గా పంపించమనండి. అది దొరక్కపోతే బిడ్డ ఫోటో చిన్నగా పెట్టి, పేరు పెద్దగా వేసి డిజైన్ చెయ్యండి. మసక ముఖాన్ని నిలువెత్తు సాగదీస్తే బాగుండదు.

ఏఐ యాప్‌తో ఒక్క నొక్కులో అయిపోతోంది కదా?

బ్యాక్‌గ్రౌండ్‌లో కుర్చీ తియ్యడానికి, గోడ మీది వైరు చెరపడానికి ఫోటోషాప్‌లోని ఏఐ టూల్ జెనరేటివ్ ఫిల్ బ్రహ్మాండంగా పనికొస్తుంది. 2023లో అది వచ్చాక గంటల పని నిమిషాలకి దిగింది. ముఖం దగ్గర మాత్రం ఒప్పుకోను. మసక ముఖాన్ని స్పష్టం చేసే యాప్‌లు బయటికి తెచ్చేది మీ బిడ్డ ముఖం కాదు, అలాంటి వయసు పిల్లలకి సాధారణంగా ఉండేదని అవి ఊహించిన ముఖం. లేని పన్ను మొలుస్తుంది, కనుబొమ్మలు మారతాయి. కొత్తవాళ్ళకి తెలీదు, అమ్మకి వెంటనే తెలుస్తుంది.

ఇంకో సంగతి, ఆ ఫోటో ఎక్కడికి పోతోంది? ఊరూ పేరూ తెలీని ఉచిత యాప్‌కి పిల్లల ఫోటోలు ఎక్కించకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళ డేటాకి అమ్మానాన్నల అనుమతి ఉండాలంటోంది. స్టూడియో షోకేసులో, ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టేముందు అడిగి ఒప్పించుకోండి. స్నానం ఫోటోలు, ఒంటి మీద బట్టల్లేని ఫోటోలు ఎవరు సరేనన్నా పెట్టకండి.

మా బిడ్డ ఇప్పుడు లేడు. ఫోన్‌లో ఉన్న ఫోటోని పెద్దది చేసి ఇస్తారా?

ఇస్తాం. ఈ పని వచ్చినప్పుడు మిగతావి పక్కన పెట్టండి. ఉన్న ఫోటోలన్నీ, వీడియోలు కూడా తీసుకురమ్మని చెప్పండి. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక ఫ్రేమ్ 1920 బై 1080 పిక్సెళ్ళు ఉంటుంది, నాలుగు బై ఆరు ప్రింటుకి బాగానే వస్తుంది. ఎంత సైజు బాగుంటుందో నిజం చెప్పండి. ఆస్పత్రిలో తీసిన ఫోటో ఒక్కటే ఉంటే ముక్కుకి పెట్టిన ట్యూబు, ప్లాస్టర్ తియ్యాలా అని వాళ్ళనే అడగండి. మూసిన కళ్ళు తెరిపించడం, లేని నవ్వు పెట్టడం మీ అంతట మీరు చెయ్యకండి. ఫైల్ రెండు చోట్ల దాచిపెట్టండి. ఏళ్ళ తర్వాత వచ్చి ఇంకో కాపీ అడుగుతారు.

పాస్‌పోర్ట్, ఆధార్ ఫోటోలకి టచప్ చెయ్యొచ్చా?

పాస్‌పోర్ట్ ఫోటోలో ముఖాన్ని మార్చే ఏ పనీ చెయ్యకూడదు. పుట్టుమచ్చ, గాటు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, రెండు కళ్ళూ తెరిచి ఉండటం, ముఖం మీద నీడ లేకపోవడం తీసేటప్పుడే చూసుకోండి. పసిబిడ్డని తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీస్తే తేలిక. ఆధార్‌కి మీ ఫోటో అక్కర్లేదు, సెంటర్‌లోనే తీస్తారు. ఐదేళ్ళలోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు కాబట్టి ఐదేళ్ళకీ, మళ్ళీ పదిహేనేళ్ళకీ అప్‌డేట్ చేయించాలి.

ఫోటోషాప్ లేకుండా కుదరదా?

కుదురుతుంది. గింప్ ఉచితం, ఫోటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోటోషాప్ సొంత పీఎస్‌డీ ఫైల్ కూడా తెరుస్తుంది. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్‌లో హీలింగ్ ఉంది, రెండు వేళ్ళతో బాగా జూమ్ చేసి వాడండి. నేర్చుకునేవాళ్ళకి వీటితో మొదలుపెట్టమనే చెబుతాను.

కంప్యూటర్‌లో బాగుంది, ప్రింటు నల్లగా వచ్చింది. ఎందుకు?

చాలావరకు మానిటర్ వెలుగు ఎక్కువ పెట్టుకోవడం వల్ల. స్క్రీన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించి పని చెయ్యండి, మీ కలర్ ల్యాబ్‌లో నాలుగు బై ఆరు సైజులో ఒక టెస్ట్ ప్రింటు తీయించి, పగటి వెలుతురులో స్క్రీన్ పక్కన పెట్టి చూసుకోండి. ల్యాబ్‌కి పంపే జేపెగ్ ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు స్క్రీన్లు వాడే రంగుల పద్ధతి) ఉండాలి. ఎనిమిది బై పన్నెండు అంగుళాల ప్రింటుకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2400 బై 3600 పిక్సెళ్ళు పెట్టుకోండి. షార్పెన్ చివర్లో, ప్రింటు సైజుకి తెచ్చాకే చెయ్యండి. కళ్ళకి, కనురెప్పలకి, జుట్టుకి చాలు, బుగ్గలకి వద్దు. జేపెగ్‌ని తెరిచి మార్చి మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది కాబట్టి, మార్పులేమున్నా లేయర్లతో ఉన్న పీఎస్‌డీలో చేసి, జేపెగ్ కొత్తగా తీసుకోండి.